మంచె నుండి వల దాక

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను నడిగడ్డ యందురు. ఆ సీమకు దక్షిణపుటంచున, తుంగభద్ర యొడ్డున, రాజోలి యను ఊరు కలదు. రాజోలిబండ ఆనకట్ట వేరు, ఈ రాజోలి వేరు. పేర్లు కలియుటచే పొరబడువారు పెక్కురు. ఆనకట్ట ఎగువన రాయచూరు జిల్లాలో నున్నది. ఈ ఊరు సుంకేసుల జలాశయమునకు చేరువది. నేడిది జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. గద్వాల చీరలని దేశమంతట పేరు మోసిన చీరలు, నూలు ఒడలికి పట్టు అంచును కలిపి నేయునవి, ఈ ఊరి మగ్గములపైనను నేయబడుచున్నవి. 2009వ సంవత్సరము అక్టోబరులో నది పొంగి ఊరిని ముంచినప్పుడు ఆ మగ్గములును నీటి పాలైనవి.

మా ప్రసంగము చీరను గూర్చినది కాదు. అయినను చీరకు ఇందులో చోటున్నది. కట్టి కట్టి వెలిసిపోయిన చీర ఇంటిలో పని తీరిన పిమ్మట పొలము గట్టునకు చేరుట తెలుగు నాట చాల చోట్ల చూడవచ్చును. నాలుగు గుంజలకు చుట్టిన ఆ చీర అడవిపందిని ఆపుటకు కట్టిన దడి. రంగురంగుల చీరలు గాలికి రెపరెపలాడుచుండగా అక్కడేదో జాతర జరుగుచున్నదని బాటసారి భ్రమపడును. పంటకును ప్రాణికిని నడుమ మనిషి నిలిపిన అడ్డులలో ఇది కడు మెత్తనిది. అన్ని అడ్డులును ఇంత మెత్తనివి కావు. పంటను కాచుటకు కట్టిన నూలు పిట్ట మెడకు ఉరి కాకుండుట ఎట్లు అను ప్రశ్నకు దీర్ఘమైన చరిత్రయే కలదు.

మొదటి కావలి మనిషియే. శాతవాహన ప్రభువు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలో వరిచేలకు కాపున్న పడుచులు కనిపింతురు. తమిళుల సంగ సాహిత్యములో కొండ వాలుల కొర్రచేలకు కావలి కాయు కన్యలు చిలుకలను తోలుచుందురు. పొలము కావలి పురాతన కవులకు శృంగార వస్తువైనది గాని, కాచినవారికి అది పనియే. నడిగడ్డలో జొన్న, సజ్జ పాలుపట్టు దినములలో తెల్లవారక ముందే మంచె నెక్కవలయును. పిట్ట ముమ్మరముగ మేయునది ఉదయము రెండు మూడు గంటలు, మరల సాయంకాలము ప్రొద్దు వాలు వేళ. నట్టెండలో అదియు చెట్టు నీడకు పోవును. కాపరియు అప్పుడే అంబలి త్రాగును. వడిసెలలో మట్టిబెడ్డ పెట్టి త్రిప్పి విసరుట, డబ్బా వాయించుట, ఓహో యని కేక వేయుట, ఇంతియే ఆ యుద్ధ సామగ్రి. మంచెపై నున్నవాడు పిట్టను చంపుటకు కాక బెదరించుటకే కూర్చుండెడివాడు. చంపుటకు వానికి తీరికయు లేదు, అవసరమును లేదు. గింజ గట్టిపడు వరకు పిట్ట వేరొక చోట వ్రాలిన చాలును.

ఈ పద్ధతికి ఒక మూల్యమున్నది, దానిని దాచరాదు. మంచెపై కూర్చున్నవారిలో పిల్లలు పెక్కురు. వారి బాల్యము జొన్నచేల నడుమ గడచిపోయినది. పిల్లలు బడికి పోవుటచే మంచె ఖాళీయైనదన్నచో అందుకు విచారింపవలసిన పని మాకు కనబడదు. అయితే ఖాళీయైన ఆ చోట ఏది నిలుచును? కూలి పెరిగినది, కావలికి మనిషి దొరకుట లేదు. అప్పుడు రైతు చూపు వలపై పడినది.

వల మన యెరుకలో కావలి వస్తువు కాదు. అది వేట వస్తువు. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రికను చదివిన తెలుగువారందరికిని చిత్రగ్రీవుడను కపోతరాజు తెలియును. నూకలు చల్లి పన్నిన వలలో పావురములు చిక్కుట, అవి వలతో కూడ ఎగిరిపోవుట, హిరణ్యకుడను ఎలుక త్రాళ్ళు కొరకుట మనము చిన్ననాడు చదివినవే. ఆ కథలో వేటగాని నేర్పంతయు ఒక్కదానిలో నున్నది: వల పిట్టకు కనబడరాదు. నేటి పొలము వలకు ధర్మము దీనికి సరిగ తలక్రిందు. అది పిట్టకు కనబడవలయును. పొలముపై వల పరచు ప్రతివాడును తెలిసియో తెలియకయో ఈ రెండింటిలో నొక దానిని ఎన్నుకొనుచున్నాడు.

పూర్వకాలపు వల నూలుతోనో జనపనారతోనో అల్లినది. నీట నానిన నూలు వల కుళ్ళును గనుక జాలరులు దానిని చెట్ల బెరడు కషాయములో నానవేసి, ఎండబెట్టి, ప్రాణముగ చూచుకొనెడివారు. అంత శ్రమపడి అల్లిన వలను పిట్టలకై పొలముపై పరచు దుబారా ఎవరికి తోచును? అమెరికాలో డ్యూపాంటు కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు కరోథర్సు 1935లో నైలానును తయారుచేసెను. 1938లో ఆ కంపెనీ దానిని లోకమునకు ప్రకటించెను. మేజోళ్ళకని మొదలైన ఆ పోగు యుద్ధానంతరము జాలరుల పడవలను చేరినది. నైలాను కుళ్ళదు, తెగదు, నీటిలో కంటికి ఆనదు. చేపల వేటకు మెచ్చదగిన ఈ మూడు గుణములే పొలములో దోషములైనవి. పాతబడిన చేపల వల చవుకగ దొరకును. దానిని తెచ్చి ద్రాక్ష పందిరిపైననో జామచెట్టుపైననో వదులుగ విసరినచో, రామచిలుక దానిని చూడలేదు. తలయో రెక్కయో కంటిలో దూరును. పెనగులాడిన కొలది పోగు బిగియును. నూలైనచో తెగెడిది. నైలాను తెగదు.

చిలుక నష్టము చేయునది గదా, చిక్కనిండని కొందరందురు. సరే, చిలుక మాట అటుంచుడు. ఆ వల నేలపై వ్రేలాడు చోట జెర్రిపోతు దూరును. సగము దేహము కంటిలోనుండి వచ్చిన పిదప అది ముందునకు పోలేదు. పొలుసులడ్డుపడి వెనుకకును రాలేదు. ఎండకు మాడి చచ్చును. జెర్రిపోతు తినునది ఎలుకలను. రాత్రివేళ ఎలుకలకై వ్రాలు గుడ్లగూబకును ఇదే గతి. అనగా రైతు పిట్టనుండి కాచుకొన్న గింజను ఎలుకకు ఒప్పగించుచున్నాడు. ఈ లెక్క ఎవరును పుస్తకమున వ్రాయరు గనుక నష్టము కనబడదు.

ఏ పిట్ట శత్రువు, ఏది మిత్రము అను విచారణ మన దేశమున శాస్త్రీయముగ జరుగనారంభించి నూరేండ్లు దాటినది. పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థనుండి మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయి అనువారు 1912లో భారతదేశపు పక్షుల ఆహారమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. పిట్టల కడుపులు కోసి, ఎన్ని గింజలు, ఎన్ని పురుగులని లెక్కించి వ్రాసిన గ్రంథమది. తరువాత 1931లో సలీం ఆలీ నిజాము రాజ్యమున పక్షుల సర్వే సాగించెను. నల్లమలయు ఆయన తిరిగిన తావులలో నొకటి. ఆయన 1941లో ప్రకటించిన భారతీయ పక్షుల పుస్తకములోను పక్షులు సేద్యమునకు చేయు మేలు ప్రస్తావింపబడినది. ఈ పరిశోధనలలో తేలిన ముఖ్య విషయ మేమనగా, ఒకే పిట్ట ఒక మాసమున దొంగ, ఒక మాసమున కూలివాడు. పిచ్చుక పెద్దదైనప్పుడు గింజలు తినును; కాని గూటిలోని పిల్లలకు పెట్టునది పురుగులనే.

చీనా దేశము ఈ సంగతిని గొప్ప మూల్యము చెల్లించి తెలిసికొన్నది. 1958లో అచటి ప్రభుత్వము ఎలుక, ఈగ, దోమలతో పాటు పిచ్చుకను గూడ నిర్మూలింప సంకల్పించెను. జనులు పళ్ళెములు వాయించి, పిచ్చుకను ఎక్కడను వ్రాలనీయక, అలసి నేల రాలువరకు తరిమిరి. మన మంచె కాపరి వాయించినదియు డబ్బాయే, కాని అతడు పిట్టను పొరుగునకు పంపి ఊరకుండెను. పిచ్చుకలు పోయిన పిదప పురుగులు చెలరేగినవి. ఆ యేండ్లలో వచ్చిన కరవునకు వేరు పెద్ద కారణములున్నను ఇదియు కొంత తోడైనది. 1960లో శత్రువుల పట్టికనుండి పిచ్చుకను తీసి, ఆ స్థానమున నల్లిని చేర్చిరి.

అదే దేశమున తరువాత జరిగినది మరియు వింత. ప్రతి శీతకాలమున మన దక్కను జొన్నచేలపై మబ్బువలె వచ్చి వ్రాలు గులాబిరంగు గోరువంకను మన రైతు ఎరుగును. జొన్నపిట్ట యనియే దానికి పేరు వచ్చినది. వేసవి రాకముందే అది మధ్య ఆసియాకు మరలిపోయి, అచట గూడు కట్టి, పిల్లలకు మిడుతలను పెట్టును. చీనా పశ్చిమ భాగమైన సిన్‌కియాంగులో 1980ల నుండి ఆ పిట్టకై రాళ్ళు పేర్చి గూళ్ళు కట్టించుచున్నారు, పచ్చిక బీళ్ళను మిడుతలనుండి కాచునని. మనము వడిసెలతో తరుము పిట్టకు వారు ఇల్లు కట్టుచున్నారు. నడిగడ్డలో ఒక గోరువంకను వలలో చంపినచో ఆ మేరకు ఎక్కడనో పచ్చికపై మిడుత మిగులును.

మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అందు వేటయనగా తుపాకితో కొట్టుటయే కాదు. ఉచ్చు పన్నుట, వల పన్నుట, పట్టుట, విషము పెట్టుట సర్వమును వేటయే. మొదట ఆ చట్టములో కాకి, ఎలుక, పండ్లు తిను గబ్బిలములను హానికర జంతువులని వేరుగ చూపిన పట్టిక యుండెడిది. 2022లో చేసిన సవరణతో ఆ పట్టిక తొలగిపోయినది. మా పంట మేము కాచుకొనరాదా యని రైతు అడుగుట సహజము. కాచుకొనవచ్చును. అడ్డు కట్టుట నేరము కాదు. ఉరి పన్నుట నేరము. ఈ రెండింటికి నడుమ భేదము కొన్నిచోట్ల ఒక్క వలకంటి వెడల్పు మాత్రమే.

ఆ వెడల్పును గూర్చి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము చట్టమే చేసినది. ఇంటి పండ్ల మొక్కలపై కప్పు వలను నిండుగ లాగినప్పుడు కన్ను 5 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు మించరాదని అచట 2021 సెప్టెంబరు 1నుండి నిబంధన అమలులోనికి వచ్చినది. పండ్లు తిను గబ్బిలములు, పాములు, పక్షులు వదులు వలలలో చిక్కి చచ్చుటయే దీనికి కారణము. అచటివారు చెప్పు పరీక్ష సులభమైనది: వలకంటిలో వ్రేలు దూరినచో ఆ వల పనికిరాదు. కొలబద్ద లేని ఇంటిలోను వ్రేలుండును.

దీనిని రాజోలి నేతగానికి వేరుగ చెప్పనక్కరలేదని మా నమ్మకము. పన్నెలో అంగుళమునకు ఎన్ని పోగులని లెక్కించి నేయువాడతడు. వలలోను లెక్క అదియే. వంగ, మిరప నారుమళ్ళపై కప్పు తెల్లని నైలాను తెరను 40 మెష్, 50 మెష్ అని అమ్ముదురు. అంగుళమునకు అన్ని కన్నులని అర్థము. ఆ సన్నని తెరలో తెల్లదోమ దూరుట కష్టము. తెల్లదోమ రానిచో అది మోసుకొని వచ్చు ఆకుముడత వైరసు లేత నారుకు సోకదు. పిట్టయు పామును అందు చిక్కవు. తల దూర్చుటకు సందే లేదు. పురుగుమందు పిచికారీలు తగ్గుటచే సాలీడు, అక్షింతల పురుగు వంటి మిత్రులును పొలమున బ్రతుకును. 2021లో తెలంగాణ, ఆంధ్ర మిరప తోటలను నల్ల తామర పురుగు పాడుచేసినప్పుడు రైతులు మందుపై మందు కొట్టి అలసిరి. నారుమడికి తెర కప్పుట ఎంత మేలో అప్పుడు పలువురు తలచిరి. అయితే తామర పురుగు తెల్లదోమ కంటె సన్ననిది. 50 మెష్ తెరనైనను అది దాటగలదు. తెర మరింత సన్నమైనచో గాలి ఆడక లోపల వేడిమి పెరిగి నారు వడలును. బీర, దోస వంటి తీగలకు పూత వేళ తెర తీయనిచో తేనెటీగ రాక పిందె నిలువదు. ఏ తెరయు సర్వరోగ నివారిణి కాదు.

పండ్లతోటకు కప్పు వలలో చూడవలసినది కంటి వెడల్పొక్కటియే కాదు. బిగువు కావలయును. మగ్గముపై పడుగు బిగువు తగ్గినచో గుడ్డ చెడును. పందిరిపై వల బిగువు తగ్గినచో ప్రాణి చచ్చును. గుంజలు పాతి, వలను మద్దెల తోలువలె బిగించినచో పిట్ట దానిపై వ్రాలి, కాలు దూరక, మరల ఎగిరిపోవును. రంగు తెల్లనిదైనచో మసక వెలుతురులోను కనబడును. నల్లనిది, ఆకుపచ్చనిది ఆకులలో కలిసిపోవును. ఒంటి పోగు సన్న నైలాను అసలే వలదు, నేసిన మందపు పోగు మేలు. అంచు నేలపై పోగుపడరాదు. చివరకు, ఉదయము సాయంకాలము ఒకసారి చుట్టి చూచు మనిషి యుండవలయును. చూచితిరా, మంచె దిగిన కాపరి వేరు వేషమున తిరిగి వచ్చినాడు.

విశాలమైన జొన్నచేనికి వల కప్పుట ఎవరి తరము కాదు. అందుకే హైదరాబాదు రాజేంద్రనగరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయమున పక్షులను గూర్చి పరిశోధించువారు వల లేని ఉపాయములను చెప్పుచు వచ్చిరి. గాలికి మెరయుచు మ్రోగు రిబ్బను తీగలు, మొక్కజొన్న పొత్తును దాని యాకులతోనే చుట్టుట, చేని చుట్టును దట్టముగ తెర పైరు వేయుట అట్టివి. అడవిపందికి మొక్కజొన్న చుట్టు నాలుగు సాళ్ళు ఆముదము, వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమ వేయుమనిరి. పాత చీరల దడిని మాత్రము ఏ శాస్త్రజ్ఞుడును కనిపెట్టలేదు. అది రైతు ఇల్లాలి పెట్టెలోనుండి వచ్చినది. పందికి చూపు మందము. ఎదుట ఆడు గుడ్డ వెనుక నేమున్నదో తెలియక జంకును. ఆకలి మిక్కుటమైనచో కొంత కాలమునకు అలవాటు పడి చీల్చుకొని వచ్చునన్నదియు నిజమే. దడి చోటు మార్చుచుండుటయే దానికి మందు. ఏమైనను ఆ చీరకు చిక్కి చచ్చిన ప్రాణిని గూర్చి మేము వినలేదు. దాని ప్రక్కన కరెంటు తీగను తలచుకొనిన మనసు కలుక్కుమనును. పందికని దొంగతనముగ విద్యుత్తు పారించిన తీగకు తెలంగాణ పల్లెలలో పశువులు, పొరుగు రైతులు, కట్టినవారే బలియైన వార్తలు ఏటేట వచ్చుచున్నవి. అది కంచె కాదు, హత్య.

రాజోలినుండి నది దాటి తూర్పుగ పోయినచో, ఒకప్పటి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో, రోళ్ళపాడు అభయారణ్యము కలదు. చెట్టు చేమ తక్కువ, గడ్డి మైదానము. బట్టమేక పిట్టకై 1988లో దానిని ఏర్పరచిరి. మీటరు ఎత్తున నిలుచు ఆ పక్షి మిడుతలను, పెంకు పురుగులను, వేరుసెనగ గింజలను తినుచు పొలములలోనే తిరుగును. దానికి కల్పించిన రక్షణలో కృష్ణజింకలు లెక్కకు మించి పెరిగినవి. జింకలు చేలపై పడినవి. నష్టపోయిన రైతు అభయారణ్యముపైననే కినుక వహించెను. గడ్డి బీళ్ళు సేద్యపు భూములైనవి, నీటి వసతి వచ్చి పైర్లు మారినవి. పక్షి క్రమముగ కనుమరుగై, నేడక్కడ దాని పేరు బోర్డుపై మిగిలినది. ఆ పక్షిని చంపినది వల కాదు. కాని రైతు చేనికి హానిలేని కావలి కల్పింపక ప్రాణిని మాత్రము కాపాడబూనిన పని ఎట్లు బెడిసికొట్టునో రోళ్ళపాడు చెప్పుచున్నది. నడిగడ్డకు ఉత్తరమున, కృష్ణ, మాగనూరు మండలములలో, జింకల మందలు చేలను మేయుచుండ రైతులు నేడును అదే మొర పెట్టుకొనుచున్నారు.

కోత ముగిసిన మరునాడే వలను చుట్టి ఇంటికి తెచ్చుకొనవలయును. గట్టుపై విడిచిన వల ముక్కలో ముంగిసయో, మేకపిల్లయో చిక్కును. ఇంత జాగ్రత్తలోను పిట్ట చిక్కినదనుకొనుడు. దానిని పట్టి లాగరాదు. మెత్తని గుడ్డ, పాత చీర చెంగైనను సరే, పైన కప్పినచో చీకటియై పెనగులాట మానును. అప్పుడు చిన్న కత్తెరతో పోగును ఒక్కొక్కటిగ కత్తిరింపవలయును. చిక్కినది పామైనచో చేయి పెట్టక అటవీశాఖవారికి కబురంపవలయును. పిట్ట రెక్కకు గాయము లేనిచో గాలి ఆడు అట్టపెట్టెలో గంటసేపు నీడను ఉంచి, ఎండ చల్లబడిన పిదప చిక్కిన చోటనే విడువవచ్చును.